టెక్కలిలో ఇంగ్లీషు క్లాసు పెడుతున్న మేనకోడలికి

నరసన్నపేట

చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు టెక్కలిలో గది అద్దెకి తీసుకుని, సాయంత్రం పూట పిల్లలకి స్పోకెన్ ఇంగ్లీషు చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం ఆపుకోలేక వీధిలో కనబడిన వాళ్ళందరికీ చెప్పేశాను. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి ఇంకో సంగతి చెప్పింది. ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే ఐదు రూపాయలు ఫైన్ అట, దానికోసం ఒక డబ్బాకి రంగు కూడా వేయించావట. ఇక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, కూర్చుని చదువు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఫీజు నెల మొదట్లోనే తీసుకో. బ్యాచిలో ఇరవై మందికి మించనివ్వకు. గ్రామర్ పుస్తకం నీ దగ్గరుంటే చాలు, పిల్లల చేత కొనిపించకు.

ఇక అసలు విషయం. నీ దగ్గరికొచ్చే పిల్లలకి మాటలు రాకపోవడం ఉండదు. యాంగ్రీ తెలుసు, లిజన్ తెలుసు, వెయిట్ తెలుసు. దాని పక్కన ఏం పెట్టాలో తెలియక తడబడతారు. మనకి "నా మీద కోపం" కాబట్టి వాడు "యాంగ్రీ ఆన్ మీ" అంటాడు. మనం పాటలు వింటాం, పాటలకి ఏమీ తగిలించం, కాబట్టి "లిజన్ సాంగ్స్" అంటాడు. మనం ఏదో ఒక దాని గురించి చర్చిస్తాం, కాబట్టి "డిస్కస్ అబౌట్" అంటాడు. ఒక చోట ప్రిపోజిషన్, అంటే ఆన్, టు, అబౌట్ లాంటి చిన్న మాట, మార్చాడు, ఒక చోట వదిలేశాడు, ఇంకో చోట అక్కర్లేనిది తెచ్చి పెట్టాడు. మూడింటికీ కారణం ఒకటే, వాడు మీద, కి, గురించి లాంటి తెలుగు విభక్తినే నమ్ముకున్నాడు. అది తెలివితక్కువతనం కాదమ్మా. తనకొచ్చిన భాషని ఆసరా చేసుకుంటున్నాడు. దానికి ఫైన్ వేస్తావా?

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన స్కూల్లో ఒక హెడ్మాస్టరు గారు ఉండేవారు. ఇంగ్లీషులో ఉద్దండుడు, మనిషి కూడా మంచివాడే. పదో తరగతికి ఆయనే ఇంగ్లీషు చెప్పేవారు. ప్రిపోజిషన్ తప్పితే పది పైసలు అని రూలు పెట్టారు. టేబుల్ మీద ఒక పౌడరు డబ్బా ఉండేది. మొదట్లో రోజూ గలగలలాడేది. తర్వాత తర్వాత చప్పుడు తగ్గింది. ఆయన పొంగిపోయారు. స్టాఫ్ రూములో మాకందరికీ ఆ ఖాళీ డబ్బా చూపించి, చూశారా, పిల్లలు దారిలో పడ్డారు అనేవారు.

పిల్లలు ఏం చేశారో ఒకరోజు ఆయన రాకపోతే నేను ఆ క్లాసుకి వెళ్ళినప్పుడు తెలిసింది. ఒక కుర్రాణ్ణి లేపి, నిన్న ఎందుకు గొడవపడ్డావో ఇంగ్లీషులో చెప్పమన్నాను. "ఐ వాజ్ యాంగ్రీ" అన్నాడు. ఎవరి మీద అని అడిగితే "వెరీ యాంగ్రీ సార్" అన్నాడు. ఇంకో పిల్లని అడిగితే "ఐ వెయిటెడ్" అంది. ఎవరి కోసం, దేని కోసం అంటే నోరు విప్పదు. కాంపోజిషన్ పుస్తకాలు తెప్పించి తిరగేశాను. "మై ఫాదర్ ఈజ్ గుడ్. ఐ యామ్ అఫ్రైడ్. ఐ లైక్ రెయిన్." ఎక్కడా ఒక్క తప్పూ లేదు! ప్రిపోజిషన్ అవసరం వచ్చే ముందే వాక్యానికి ఫుల్‌స్టాప్ పెట్టేయడం నేర్చుకున్నారు. పది పైసలు దాచుకోవాలంటే అంతకన్నా తేలిక దారి లేదు మరి. ఎవడి మీద కోపమో, దేనికి భయమో, ఎవరి కోసం ఎదురుచూశారో, అసలు చెప్పాల్సింది అంతా ఆ ఫుల్‌స్టాప్ అవతలే ఉండిపోయింది.

ఆ క్లాసులో మూడో బెంచీలో మీ అమ్మ కూర్చునేది. అప్పటిదాకా అది మాటల పుట్ట. ఇంట్లో మా నాన్న మీద కూడా ఇంగ్లీషు ప్రయోగించేది. చిన్నప్పుడు నీ హోంవర్కులో తప్పులన్నీ పట్టింది అమ్మే కదా? మరి స్కూల్లో పేరెంట్స్ మీటింగు అంటే ప్రతిసారీ మీ నాన్నని పంపేది, ఎందుకో ఎప్పుడైనా అడిగావా? అడక్కు. బాధపడుతుంది. డబ్బా రంగుకి పెట్టిన డబ్బు పోతే పోయింది, అందులో చాక్‌పీసులు వేసుకో.

మరి ఎలా చెప్పాలంటావా? "ఆన్ అంటే మీద, ఇన్ అంటే లో" అని పట్టిక మాత్రం బోర్డు మీద రాయకు. రాశావని తెలిస్తే బస్సెక్కి వచ్చి చెరిపేస్తాను. గుడ్ అనే మాటని ఒంటరిగా నేర్పకు. "గుడ్ ఎట్ కబడ్డీ" అని ఒకే మాటలా నోటికి పట్టించు. ఎవరు దేనిలో గట్టివాళ్ళో ఒక్కొక్కరినీ చెప్పమను, పోటీలు పడి చెబుతారు. అలాగే అఫ్రైడ్ ఆఫ్, వెయిట్ ఫర్, టైర్డ్ ఆఫ్. యాంగ్రీ పక్కన విత్ పెట్టినా ఎట్ పెట్టినా మనిషి విషయంలో తప్పు లేదు, అక్కడ అనవసరంగా టెన్షన్ పెట్టకు.

కొన్నిచోట్ల ప్రిపోజిషన్ మారితే అర్థమే మారుతుంది. అలాంటివి చేసి చూపించు. బంతి "త్రో టు" అంటే పట్టుకోమని విసరడం, "త్రో ఎట్" అంటే తగిలేలా కొట్టడం. ఒక్కసారి ఆడిస్తే జన్మలో మర్చిపోరు. ఉద్దానం వైపు పిల్లలుంటే కొబ్బరిచెట్టు ఎక్కడం గురించి అడుగు. "అఫ్రైడ్ టు క్లైంబ్" అన్నవాడు భయంతో చెట్టెక్కనంటున్నాడు. "అఫ్రైడ్ ఆఫ్ ఫాలింగ్" అన్నవాడికి పడతానేమోనని భయం, అయినా ఎక్కొచ్చు.

విశేషణాలకీ ఇదే బాధ. మనకి వానైనా పెద్దదే, గాలైనా పెద్దదే. ఇంగ్లీషులో వాన హెవీ, గాలి స్ట్రాంగ్. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి గురించి పిల్లల్ని ఇంట్లో అడిగి రమ్మను. వాళ్ళమ్మలు చెప్పింది ఇంగ్లీషులో చెప్పించు. ఈ రెండు మాటలూ పదిసార్లు వాటంతటవే వస్తాయి. తప్పు వస్తే ఆపకు. వాడు చెప్పడం అయ్యాక నువ్వు అదే మాట సరిగ్గా తిరిగి అను, చాలు. గిడుగు రామమూర్తి గారు మన వంశధార పక్కన పర్వతాలపేటలో పుట్టి సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు కదా, సవరలు మాట్లాడుతుంటే విని, రాసుకుని నేర్చుకున్నారు. జుర్మానా కట్టి కాదు.

నా హార్న్‌బీ డిక్షనరీ నీకు పంపిస్తాను. అట్ట ఊడింది, లోపల బాగానే ఉంది. దానికి మూలమైనది హార్న్‌బీ దొర జపాన్‌లో ఇంగ్లీషు చెబుతూ అక్కడి విద్యార్థుల కోసం తయారుచేసిన డిక్షనరీ, 1942లో టోక్యోలో అచ్చయింది. జపాను భాషలో కూడా మన విభక్తుల్లాంటివి నామవాచకం వెనకే వస్తాయి. అందుకేనేమో అందులో క్రియ పక్కన ఏమొస్తుందో అంత శ్రద్ధగా చూపించాడు. అర్థం చూసి మూసేయకు, కింద ఇచ్చిన వాక్యాలు చదువు. నీకు అనుమానమొచ్చినా పిల్లల ముందే తెరిచి చూడు, చిన్నతనం ఏం లేదు.

ఇంకొకటి. బ్యాచి ఏడింటికి అంటున్నావట. పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకి ఆ వేళ తిరిగి వెళ్ళడానికి ఆటోలు దొరుకుతాయా? ఐదింటికి మార్చుకో. గది యజమాని ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

మీ మావయ్య