స్పోర్ట్స్ కారు బీమా ఎందుకంత ఖరీదు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ధర దాదాపు ఒకటే ఉన్న రెండు కార్లకు బీమా కొటేషన్లు తెప్పించాను. ఒకటి పెద్ద లగ్జరీ సెడాన్, రెండోది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. రెండోదానికి ప్రీమియం బాగా ఎక్కువ చెప్పారు. నేను నెమ్మదిగా నడిపే మనిషిని. కారు ఎంత వేగం వెళ్లగలదో చూసి వసూలు చేస్తున్నారా?

జవాబు: వేగానికీ వాటా ఉంది, కానీ మీరనుకున్నంత కాదు. ఇలాంటి కారు ఎంత తరచుగా క్లెయిమ్‌కు వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఎంత ఖర్చవుతుంది అన్న రెండు లెక్కల మీద ప్రీమియం నిలబడుతుంది. స్పోర్ట్స్ కార్లు చాలావరకు సెలవు రోజుల్లోనే బయటికొస్తాయి కాబట్టి మొదటి లెక్క మరీ దారుణంగా ఉండదు. మీ కొటేషన్‌ను పెంచేది రెండోదే.

పార్కింగ్‌లో ముందు మూల స్తంభానికి తగిలిందనుకోండి. సెడాన్‌కైతే చాలాసార్లు బంపర్ మార్చి, ఫెండర్ డెంటింగ్, పెయింటింగ్ చేస్తే సరిపోతుంది. పోర్షే 911కు ఇంజిన్ వెనక ఉన్నా రేడియేటర్లు ముందు రెండు మూలల్లో, చక్రాలకు ముందే ఉంటాయి. బంపర్ లోపలికి నొక్కుకుపోతే వాటిదాకా పోతుంది. హెడ్‌ల్యాంప్‌ను బిగించే చెవి విరిగితే చాలాసార్లు మొత్తం యూనిట్ మార్చాలి. ముందున్న వాహనాల దూరం కొలిచే రాడార్ సెన్సర్ బ్రాకెట్ కొద్దిగా వంగినా సెన్సర్‌ను మళ్లీ కాలిబ్రేట్ చేయాలి, అంటే కొలత సరిచూసి అమర్చాలి. పైకి గీతలా కనిపించే దెబ్బకు లోపల ఇంత పని ఉంటుంది.

దానికి తోడు లోహం. ఇప్పటి 911 పైరేకు, ముందు వెనక బంపర్లు తప్ప, మొత్తం అల్యూమినియం. ఆడి ఆర్8 చట్రమే చాలావరకు అల్యూమినియం. దీన్ని ఇనుప రేకులా వేడిచేసి, సుత్తితో కొట్టి దారికి తేలేం. చాలాచోట్ల అతుకులు జిగురూ రివెట్లూ కలిపి వేస్తారు. జిగురు గట్టిపడేదాకా ఆగాలి. ఉక్కు మీద వాడిన ఇసుక కాగితమో బ్రష్షో అల్యూమినియం మీద పెడితే ఆ ఉక్కు పొడి వల్ల తర్వాత తుప్పు మొదలవుతుంది. అందుకే వర్క్‌షాపుకు విడి గది, విడి పనిముట్లు కావాలి. అలాంటి వర్క్‌షాపులు కొన్నే ఉంటాయి, వాటి గంట రేటూ అందుకు తగ్గట్టే ఉంటుంది. కార్బన్ ఫైబర్‌ది ఇంకో రకం కష్టం. మెక్‌లారెన్ 2011లో తెచ్చిన 12సీ నుంచి ప్రయాణికులు కూర్చునే గూడును కార్బన్‌తో చేస్తోంది. పైన పగులు కనిపించకపోయినా లోపలి పొరలు విడిపోయి ఉండవచ్చు, అల్ట్రాసౌండ్‌తో వెతకాలి. గూడుకే దెబ్బ తగిలిందంటే కారు టోటల్ లాస్ (రిపేరు గిట్టుబాటు కాక పూర్తిగా పోయినట్టే లెక్క) వైపు వెళ్లే అవకాశం ఎక్కువ.

విడిభాగాలు విదేశాల నుంచి రావాల్సి ఉంటే కారు వారాల తరబడి వర్క్‌షాపులో కూర్చుంటుంది. అద్దె కారు, నిలిపినందుకు చార్జీ ఎవరిస్తారో పాలసీలో ముందే చూసుకోండి. దొంగతనం భయం, మీ వయసు, గత క్లెయిములు, కారును రాత్రి ఎక్కడ పెడతారన్నవి వీటన్నిటి తర్వాత కలుస్తాయి. మీ నెమ్మదితనం రుజువయ్యేది క్లెయిమ్ లేని సంవత్సరాలతోనే. మీ మాట మీద ఎవరూ తగ్గించరు.

ప్రశ్న: ఎరుపు రంగు కారుకు ప్రీమియం ఎక్కువంటారు. నిజమేనా?

జవాబు: కాదు. మామూలు కొటేషన్ ఫారంలో రంగు అడగరు కూడా. అయితే కార్ల కంపెనీ ప్రత్యేకంగా వేసిచ్చిన రంగు, మెరుపు లేని మ్యాట్ పెయింట్ వేరే సంగతి. మ్యాట్ పెయింట్ మీద గీత పడితే పాలిష్ చేయడం కుదరదు, ఆ ప్యానెల్ మొత్తం మళ్లీ పెయింట్ చేయాలి.

ప్రశ్న: 1990ల నాటి 911 కొన్నాను. బీమా కంపెనీ వయసును బట్టి తరుగుదల తీసేసి చాలా తక్కువ విలువ చూపిస్తోంది. ప్రీమియం తగ్గింది కదా అని ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోకండి. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న 911 తయారీ 1998తో ఆగిపోయింది. ఆ కార్లలో చాలావాటి ధర పడిపోవాల్సింది పోయి పెరిగింది. తరుగుదల పట్టికకు ఈ సంగతి తెలియదు. కారు పోయిన రోజున మీ చేతికొచ్చే డబ్బు ఆ పట్టిక చెప్పినంతే.

మీరు అడగాల్సింది అంగీకృత విలువ పాలసీ. కారు పూర్తిగా పోతే ఎంత ఇవ్వాలో కంపెనీ, మీరు ముందే ఒప్పుకుని పాలసీలో రాసుకుంటారు. అందుకు స్వతంత్ర వాల్యూయర్ నివేదిక, బయటా లోపలా ఇంజిన్ గదీ అడుగు భాగం ఫొటోలు, ఛాసిస్ నంబరు ఫొటో, సర్వీసు పుస్తకం, పాత బిల్లులు సిద్ధం చేసుకోండి. ఫ్యాక్టరీలో వేయించిన ఆప్షన్ల జాబితా తప్పకుండా జతచేయండి. కొత్త స్పోర్ట్స్ కార్లకు కూడా ఇదే వర్తిస్తుంది. సిరామిక్ బ్రేకులు, కార్బన్ ప్యాకేజీ, ప్రత్యేక సీట్లు కలిస్తే మూల ధర మీద నాలుగో వంతు ఎక్కినా ఆశ్చర్యం లేదు. చాలామంది మూల ధరకే బీమా చేయించి ఊరుకుంటారు. ఈ విలువను ప్రతి రెన్యువల్‌కూ తాజా చేయించాలి. మూడేళ్ల కిందటి నివేదికతో నెట్టుకొస్తే మళ్లీ మొదటికే వస్తారు.

తక్కువ విలువ చూపడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని పాలసీల్లో నిష్పత్తి నిబంధన ఉంటుంది. కారు అసలు విలువ 100 అయితే మీరు 60కే బీమా చేశారనుకుందాం. 20 రిపేరు బిల్లు వస్తే అందులో 60 శాతం, అంటే 12 మాత్రమే ఇస్తారు. మిగతా 8తో పాటు ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించాలని పాలసీలో మీ వాటాగా రాసిన మొత్తమూ మీ జేబులోంచే. పాలసీ పత్రంలో ఈ నిబంధన ఉందో లేదో సంతకానికి ముందే అడగండి.

ప్రశ్న: సిరామిక్ బ్రేక్ డిస్కులు అరిగిపోతే బీమా ఇస్తుందా?

జవాబు: అరుగుదలకు ఇవ్వదు, ప్రమాదంలో పగిలితే ఇస్తుంది. గొడవంతా ఈ రెంటి మధ్య వస్తుంది. ఈ డిస్కుల అరుగుదలను చాలావరకు బరువును బట్టి చూస్తారు, కనీస బరువు డిస్కు మీదే రాసి ఉంటుంది. చక్రం విప్పేటప్పుడు రిమ్ తగిలినా అంచు పెచ్చులూడుతుంది. అందుకే చక్రం డిస్కుకు తగలకుండా పట్టి ఉంచే గైడ్ పిన్నులు బిగించి చక్రం తీయమని టైర్ల షాపులో గట్టిగా చెప్పండి. సర్వీసు చేసినప్పుడల్లా డిస్కు స్థితిని బిల్లు మీద రాయించుకోండి. లేకపోతే ప్రమాదం తర్వాత బీమా కంపెనీ పంపే సర్వేయర్ ‘ఇది పాత పెచ్చు’ అంటే మీ దగ్గర రుజువుండదు.

ప్రశ్న: ప్రీమియం తగ్గించుకోవాలంటే ఏం చేయాలి?

జవాబు: ముందు కిలోమీటర్లు. ఏడాదికి ఇంతకు మించి తిప్పనని పరిమితి ఒప్పుకుంటే తగ్గించే కంపెనీలు ఉన్నాయి. నిజంగా తక్కువ తిప్పేవారికి ఇదే మేలు. పరిమితి దాటబోతుంటే ముందే ఫోన్ చేసి పెంచుకోండి. కారు ఎక్కడుందో చెప్పే, కంపెనీ ఆమోదించిన ట్రాకర్ బిగించి, దాని సబ్‌స్క్రిప్షన్ ఆగిపోకుండా చూసుకోండి. చందా ముగిసిన ట్రాకర్ దొంగతనం క్లెయిమ్‌లో మీకు సాయం చేయకపోగా ఎదురు తిరుగుతుంది. స్టీరింగ్ పట్టేవారి పేర్లన్నీ రాయడం కంటే ఇద్దరికి పరిమితం చేస్తే తగ్గుతుంది. పాతికేళ్లలోపు వయసు వారి పేరు కలిపితే ఎంత పెరుగుతుందో, ఆ పేరు తీసేసి ఇంకో కొటేషన్ అడిగితే తెలిసిపోతుంది.

క్లెయిమ్‌లో మీ వాటా పెంచుకునే ముందు ఈ లెక్క వేయండి. మీ వాటాను 10 పెంచితే ఏడాది ప్రీమియం 2 తగ్గుతుందనుకుందాం. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపితేనే లాభం మొదలవుతుంది. పొదుపు 4 అయితే రెండున్నరేళ్లు చాలు. చిన్న గీతలకు క్లెయిమ్ చేసే ముందు కూడా పోయే నో క్లెయిమ్ బోనస్‌ను రిపేరు బిల్లు పక్కన పెట్టి చూడండి.

థర్డ్ పార్టీ కవర్‌ను కోసి పొదుపు చేయాలన్న ఆలోచన మాత్రం వద్దు. మీ కారుకు హద్దున్న విలువ ఉంది, అవతలి మనిషి గాయానికి అలాంటి హద్దు ఉండదు.

ప్రశ్న: ఎగ్జాస్ట్ మార్చి, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) రీమ్యాప్ చేయించాను, అంటే దాని సాఫ్ట్‌వేర్ మార్పించాను. చెప్పాలా?

జవాబు: చెప్పాలి, అదీ చేయించే ముందే. కొత్త రిమ్ములు, సస్పెన్షన్ స్ప్రింగులు కూడా. ప్రమాదం తర్వాత ఈసీయూను డయాగ్నస్టిక్ పరికరంతో చదివితే చాలా కార్లలో సాఫ్ట్‌వేర్ మార్చిన జాడ దొరుకుతుంది. పాత మ్యాప్ తిరిగి ఎక్కించినా ఎన్నిసార్లు మార్చారో లెక్క మిగిలిపోవచ్చు. దాచిన మార్పు బయటపడితే కంపెనీ క్లెయిమ్ కోసేయవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు. చెబితే చాలాసార్లు కొంత ప్రీమియం పెరుగుతుంది, అంతే.

ప్రశ్న: ట్రాక్ మీద నడపడానికి వెళ్తున్నాను. పోటీ కాదు, టైమింగ్ కూడా లేదు. నా పాలసీ పనిచేస్తుందా?

జవాబు: దాదాపు ఖాయంగా పనిచేయదు. రేసు, స్పీడ్ ట్రయల్‌తో పాటు ‘రేస్ ట్రాక్ మీద ఏ రకమైన వాడకమైనా’ అని మినహాయించడం మామూలే. జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ్ అనే రేస్ ట్రాక్‌లో పర్యాటకులు టికెట్ కొని నడిపే రోజుల్లో అది చట్టరీత్యా టోల్ రోడ్డే. అయినా దాని పేరు పెట్టి మరీ మినహాయించే పాలసీలు ఉన్నాయి. అక్కడ గార్డ్ రెయిల్‌ను గుద్దితే దాని బిల్లు కూడా మీకే వస్తుంది.

ఒక రోజుకు విడిగా ట్రాక్ కవర్ దొరుకుతుంది. అందులో మీ వాటాను తరచూ కారు విలువలో ఇంత శాతమని లెక్కగడతారు. అది 10 శాతమైతే, విలువ 100 ఉన్న కారుకు 15 నష్టం జరిగినా మీ చేతికొచ్చేది 5. అవతలి కారుకు, ట్రాక్ ఆస్తికి జరిగే నష్టం చాలాసార్లు ఇందులో ఉండదు. ఇంజిన్, గేర్‌బాక్స్ వాటంతటవే పోతే అసలు ఉండదు.

తిరుగు ప్రయాణంలో రోడ్డు మీద ఆగిపోతే మీ మామూలు పాలసీ రోడ్‌సైడ్ సాయం వర్తించవచ్చు. వాళ్లను పిలిచేటప్పుడు కారును పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ కావాలని, కారు ఎత్తు తక్కువని, ర్యాంపు వాలు తక్కువగా ఉండాలని చెప్పండి. ముందు చక్రాలు ఎత్తి లాగితే ముందు అంచు విరగవచ్చు, ఫోర్ వీల్ డ్రైవ్ కారైతే గేర్‌బాక్స్ కూడా పాడవవచ్చు. కారును లాగడానికి బిగించే టో హుక్ టూల్ కిట్‌లో ఉంటుంది, బయలుదేరే ముందే అది ఉందో లేదో చూసుకోండి.