కామ్ నది మీద కథ రాసిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ అందింది. కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న కూతురు, చూడ్డానికొచ్చిన కోనసీమ తండ్రిని ఒక ఆదివారం పంట్ (గడతో తోసే పడవ) ఎక్కించడం మంచి ఇతివృత్తమే. "గడ పైకి లాగిన ప్రతిసారీ నీళ్లు చొక్కా చేతిలోంచి మోచేతి దాకా కారుతున్నాయి" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. అది చూసినవాళ్లు రాసే మాట. మరి ఆ పక్క పేజీలోనే "తెడ్లు వేసుకుంటూ అలల మీద సాగిపోయాం" అని ఎలా రాయగలిగావమ్మా? పంట్‌ని తెడ్లతో నడపరు. గడ జారిపోతే వాడుకోవడానికి చిన్న తెడ్డొకటి పడవలో పడి ఉంటుంది, అంతే. కాలేజీల వెనక కామ్ నదిలో అలలూ ఉండవు. అవి నువ్వు గోదావరి నుంచి తెచ్చి పోసినవి.

ముందు పడవని చూపించు. లేకపోతే మనవాళ్లు నర్సాపురం రేవులో బళ్లు దాటించే పంటు అనుకుంటారు. ఇది సుమారు 24 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉండే పడవ. అడుగు బల్లపరుపు, రెండు కొసలూ చదరంగా ఉంటాయి. లోతు లేనిచోటా తేలుతుంది, పక్కకీ సులువుగా జారిపోతుంది. చుక్కాని లేదు. నడపడానికైనా, తిప్పడానికైనా 16 అడుగుల గడ ఒక్కటే ఆధారం. కేంబ్రిడ్జిలో వెనక కొసనున్న బల్ల మీద నిలబడి తోస్తారు. ఆ బల్లని ముందుకి పెట్టి పడవ లోపల నిలబడేది ఆక్స్‌ఫర్డ్‌లో. నీ కేంబ్రిడ్జి పిల్ల ఆక్స్‌ఫర్డ్ పద్ధతిలో నిలబడింది!

ఇక తోపు. నువ్వు ఒక్క ముక్కలో దాటేసింది ఇదే, కథంతా ఉన్నదీ ఇక్కడే. గడని పడవ పక్కనే నిటారుగా పట్టుకుని చేతుల్లోంచి జారవిడవాలి. నొక్కక్కర్లేదు, దాని బరువుకి అదే దిగుతుంది. అడుగు తగలడం అరచేతికి తెలుస్తుంది. అప్పుడు ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి గడ మీద పైకి మారుస్తూ వెనక్కి తోయాలి. పైకి లాగేముందు కాస్త మెలితిప్పితే బురద పట్టు వదులుతుంది. ఆ తర్వాత గడని ఒక్క క్షణం వెనక నీళ్లలోనే ఉండనిస్తే అదే చుక్కాని. దాని కొసని కుడికి జరిపితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. కొత్తవాళ్లు గడని పడవకి దూరంగా వేస్తారు. దాంతో తోపు పక్కకి పోయి పడవ అడ్డం తిరుగుతుంది. కంగారుపడి రెండోవైపు మరీ గట్టిగా తోసి ఎదుటి ఒడ్డుని గుద్దుతారు. పడవ అంచు మీద చెయ్యి పెట్టుకు కూర్చున్నవాళ్ల వేళ్లు రెండు పడవల మధ్య నలిగేది అప్పుడే.

గడ ఇరుక్కుంటే వదిలేయాలి. పట్టుకు వేలాడితే పడవ ముందుకి పోతుంది, మనిషి గడ మీద మిగిలిపోతాడు. వదిలేసి, తెడ్డుతో వెనక్కొచ్చి తెచ్చుకోవాలి. నువ్వు ఆ ఘట్టాన్ని క్లేర్ కాలేజీ వంతెన దగ్గర పెట్టావు. అక్కడ అడుగు గట్టి గులకరాయి. పూర్వం కాలేజీలవాళ్లు ఒడ్డున నడవనివ్వకపోతే, సరుకు పడవల్ని లాగే గుర్రాలు నది మధ్యన వేసిన బాట మీద నీళ్లలోనే నడిచేవి. బురద ఎక్కువుండేది ఎగువన, గ్రాంట్‌చెస్టర్ ఊరి వైపు. ఘట్టాన్ని అక్కడికి మార్చు. అటు వెళ్లాలంటే మిల్ పూల్ దగ్గర పడవని రోలర్ల మీద ఈడ్చి పై నదిలోకి దించాలి. మాటల్లేకుండా తండ్రీకూతుళ్లిద్దరూ కలిసి చేసే పని నీకు ఉత్తపుణ్యానికి దొరికింది.

ఆ తండ్రి కుర్రతనంలో కాలవల్లో గడ వేసినవాడని నువ్వే రాశావు. అక్కడ గడ కొస భుజానికి ఆనించి పడవ అంచు వెంట నడుస్తూ తోస్తారు. ఇక్కడ నిలబడ్డచోటే ఉండాలి. ఆయన చేతికి గడ ఇవ్వు. కాళ్లు వాటంతటవే నడవబోతాయి, నడిచే చోటుండదు. ఆగిపోయిన ఆ ఒక్క అడుగు రాస్తే "నాన్న కళ్లలో ఊరు మెదిలింది" అనే పేరా మొత్తం కొట్టేయొచ్చు.

ఇలా రాస్తే "వివరాలెక్కువ, ఫీల్ తక్కువ" అంటూ కత్తెర పట్టుకొచ్చే సంపాదకులున్నారు. ఎన్నో ఏళ్లుగా వింటున్నానీ మాట. పరదేశం కథలో గోదావరి మీద బెంగ ఉండి తీరాలనే ఫ్యాషన్ కూడా వాళ్లు పెంచిందే. వాళ్ల కోసం రాయకు.

కామ్ మీదున్న చెక్క వంతెన, మాథమెటికల్ బ్రిడ్జిని న్యూటన్ కట్టాడని రాశావు. ఆయన 1727లో పోయాడు, వంతెన మొదట కట్టింది 1749లో. గైడ్లు చెప్పే కబుర్లు తీసేయ్. నిట్టూర్పుల వంతెన కింద మాత్రం ఇంకాస్త ఆగు. 1831 నాటి ఆ వంతెన సెయింట్ జాన్స్ కాలేజీది, మన కట్టమంచి రామలింగారెడ్డి గారు చదివిన కాలేజీ. ఆ తండ్రికి తెలిసిన పేరే అయ్యుంటుంది.

పోటీ, సంకలనం సంగతులు ఇప్పుడొద్దు. ముందు రోలర్ల ఘట్టం రాసి పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి