రాత్రి కరెంటు పోతే గుండె దడ: వేళ్ళతో తట్టుకునే టాపింగ్ పనిచేస్తుందా?

అమలాపురం దగ్గర రెండెకరాల వనామీ రొయ్యల చెరువు లీజుకు చేస్తున్నానని రాశారు. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగినా, కాపలా కుర్రాడు ఫోన్ చేసినా గుండె దడదడలాడి మళ్ళీ నిద్ర పట్టడం లేదన్నారు. ముఖం మీద వేళ్ళతో తట్టుకుంటే టెన్షన్ పోతుందని ఎవరో వీడియో పంపారట, అది నిజమేనా అని అడిగారు.

నేను ఆకివీడు వైపు చెరువులు చేస్తానండి. మా మేనకోడలు బెంగళూరు ఆఫీసులో ఈ టాపింగ్ నేర్చుకుని, సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు చూపించింది. అప్పటినుంచి చేస్తూనే ఉన్నాను. మీరు చెప్పిన రాత్రివేళ దడకి నా మటుకు నాకు బాగా పనిచేస్తుంది. అయితే వీడియోల్లో చెప్పినట్టు తట్టే బిందువుల్లో ఉన్న శక్తి వల్లే తగ్గుతోందంటే నేను నమ్మను. ఆ తేడా తెలిస్తేనే దీన్ని సరిగ్గా చెయ్యగలం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

దానికన్నా ముందు డాక్టరుకి చూపించుకోండి. బీపీ, ఈసీజీ, థైరాయిడ్, రక్తహీనత, ఇవి చూడకుండా గుండె దడని టెన్షన్ ఖాతాలో వెయ్యకూడదు. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి లాగినట్టు ఉండటం, చెమటలు పట్టి ఊపిరి ఆడకపోవడం లాంటివి వస్తే టాపింగ్ గురించి ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి. చెరువు గట్టున రాత్రంతా తాగే టీలు కూడా లెక్కలోకి వస్తాయి. కెఫీన్ గుండె దడని పెంచుతుంది, నిద్రని చెడగొడుతుంది.

ఇక ఈ పద్ధతి ఎలా పుట్టిందంటే, 1980లలో అమెరికాలో రోజర్ కాలహాన్ అనే సైకాలజిస్టు దగ్గరికి నీళ్ళంటే విపరీతమైన భయం ఉన్న ఒకావిడ వచ్చేవారు. నీళ్ళని తలుచుకుంటే కడుపులో తిప్పుతుందని ఆవిడ చెప్పారు. చైనా వైద్యం ప్రకారం కడుపుకి సంబంధించిన నాడి కంటి కింద నుంచి వెళుతుందని ఆయన చదివి ఉన్నారు. అక్కడ తట్టి చూస్తే ఆవిడ భయం తగ్గిందని రాసుకున్నారు. ఒక్కో సమస్యకి ఒక్కో వరుసలో తట్టాలనేది కాలహాన్ పద్ధతి. 1990లలో గ్యారీ క్రెయిగ్ అనే ఇంజనీరు దాన్ని తేలిక చేసి, అన్నిటికీ ఒకటే వరుస పెట్టారు. ఇప్పుడు ఈఎఫ్‌టీ (ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్) అని, టాపింగ్ అని అంటున్నది అదే.

పరిశోధనలు రెండు వైపులా ఉన్నాయి. 2012లో 83 మందితో చేసిన ఒక అధ్యయనంలో గంటసేపు టాపింగ్ చేసినవాళ్ళ లాలాజలంలో కార్టిసాల్, అంటే ఒత్తిడికి సంబంధించిన హార్మోను, సుమారు 24 శాతం తగ్గింది. మాట్లాడే కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళలో సుమారు 14 శాతం తగ్గింది. ఆ అధ్యయనాన్ని నడిపించినాయన ఈ పద్ధతిని ప్రచారం చేసే మనిషేనని గుర్తుపెట్టుకోవాలి. 2003లో వచ్చిన ఇంకో అధ్యయనం నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. అందులో కొందరు విద్యార్థులు అసలు పాయింట్ల మీద తట్టుకున్నారు, కొందరు చేతి మీద వేరేచోట్ల తట్టుకున్నారు, కొందరైతే ఒక బొమ్మ మీద తట్టారు. ఈ మూడు గుంపుల వాళ్ళకీ భయం దాదాపు ఒకేలా తగ్గింది. ఏమీ తట్టకుండా కూర్చున్నవాళ్ళకి తగ్గలేదు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, ఫలానా బిందువులో ఏదో శక్తి దాగుంది అనే మాట తేలలేదు. భయాన్ని తప్పించుకోకుండా మనసులో పెట్టుకుని, పేరు పెట్టి చెబుతూ, అదే సమయంలో చేతులకి లయగా ఒక పని ఇవ్వడం వల్ల ఒళ్ళు నెమ్మదిస్తోంది. కాబట్టి పాయింటు అంగుళం అటో ఇటో అయిందని కంగారు పడకండి. ఏం చెప్పుకుంటున్నాం అన్నదే ముఖ్యం.

చేసే తీరు తేలికే. భయం ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసుకోండి. ఒక అరచేతి అంచు మీద, చిటికెన వేలి కింద కండగా ఉండే చోట, రెండో చేతి వేళ్ళతో తడుతూ మీ భయాన్ని మూడుసార్లు చెప్పుకోండి. తర్వాత చూపుడు వేలు, మధ్య వేలు కలిపి ఒక్కోచోట ఐదారుసార్లు మెల్లగా తట్టండి: కనుబొమ్మ ముక్కు దగ్గర మొదలయ్యే చోటు, కంటి చివర ఎముక, కంటి కింద ఎముక, ముక్కుకీ పై పెదవికీ మధ్య, కింది పెదవికీ గడ్డానికీ మధ్య గుంట, గొంతు కింద ఎముక మొదట్లో కాస్త దిగువన, చంకకి బెత్తెడు కింద పక్కటెముకల మీద, చివరికి మాడు మీద. కుడివైపైనా ఎడమవైపైనా ఒకటే. ప్రతి చోటా భయాన్ని ఒక చిన్న మాటలో మళ్ళీ అనుకోండి. ఒక చుట్టు అయ్యాక నిదానంగా ఊపిరి తీసి, తీసినదానికన్నా ఎక్కువసేపు వదిలి, అంకె ఎంతకొచ్చిందో చూసుకోండి.

చాలామంది "నాకు టెన్షన్‌గా ఉంది, అయినా నన్ను నేను ప్రేమిస్తున్నాను" అని వీడియోలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేస్తారు. దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. "ఏరేటర్లు ఆగిపోయి తెల్లారేసరికి రొయ్య పైకి తేలిపోతుందేమోనని భయంగా ఉంది, ఇప్పుడు నేను చెయ్యగలిగింది చేశాను" అనాలి. మేత కొట్టు బాకీ గుర్తొస్తే ఆ బాకీనే చెప్పాలి. రొయ్య అమ్మే సైజుకి (కౌంటుకి) రాకుండానే పట్టెయ్యాల్సి వస్తుందేమో అనిపిస్తే అదే చెప్పాలి. ఇలా ఉన్నది ఉన్నట్టు అంటూ పోతే అడుగున ఉన్న ఇంకో భయం బయటికొస్తుంది. నాకు కరెంటు భయం వెనకాల ఉన్నది నాన్నగారు హామీ సంతకం పెట్టిన అప్పు. ఆ మాట నోటితో అన్న రాత్రి నుంచీ దడ బాగా తగ్గింది. తర్వాత నాన్నగారితో కూర్చుని లెక్కలు మాట్లాడుకున్నాం. అంకె సున్నాకి రావాలని పట్టుబట్టకండి. ఎనిమిది నాలుగైతే నిద్ర పడుతుంది, అది చాలు.

మీ భయం ఊరికే పుట్టింది కూడా కాదండి. పగలు ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే సన్నటి నాచు లాంటిది, నీళ్ళలోకి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే ప్లాంక్టన్, రొయ్య, అడుగు బురదలో బ్యాక్టీరియా, అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్, బాగా పడిపోతుంది. మబ్బు పట్టిన రోజైతే మరీను. అంచేత కరెంటు పోతే ముందు జనరేటర్, తర్వాతే టాపింగ్. ఏరేటర్లు మళ్ళీ తిరుగుతున్నా, పని అయిపోయినా, గుండె మాత్రం ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది చూడండి, టాపింగ్ అక్కడ బాగా పనికొస్తుంది. నేను షెడ్డులో మంచం మీద కూర్చుని చేస్తాను. వీలైతే జనరేటర్‌కి ఆటో స్టార్టు పెట్టించండి, సగం దడ అక్కడే పోతుంది.

ఎప్పుడు ఆపాలో కూడా చెప్పాలి. మా మేనత్త వాళ్ళది ముమ్మిడివరం వైపు. 1996 నవంబరు 6 నాటి తుపాను రాత్రి ఆవిడ పిల్లలతో ఇంట్లోనే ఉంది. ఇప్పటికీ కొబ్బరి తోటలో గాలి హోరెత్తితే చేతులు వణుకుతాయి. నేను చేస్తుంటే చూసి తనూ తట్టుకుంటూ ఆ రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఏడుపు ఆగలేదు, ఊపిరి అందలేదు. వెంటనే ఆపించి, నీళ్ళిచ్చి, కాళ్ళు నేలకి ఆనించి కూర్చోబెట్టాం. తర్వాత కాకినాడలో మానసిక వైద్యుడికి చూపించాం. ఆయన దగ్గర చికిత్స కొంత జరిగాక, ఇప్పుడు వాయుగుండం వార్త వస్తే "చేతులు వణుకుతున్నాయి, నేను ఇంట్లో ఉన్నాను" అని మాత్రమే అనుకుంటూ తట్టుకుంటుంది. అంతటి గాయాలున్న మనిషి ఒంటరిగా వాటిని తవ్వుకోకూడదు, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

మీకు కూడా వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, బతకడం ఎందుకు అనే ఆలోచన వచ్చినా 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం నడిపే టెలీమానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అప్పుల్లో ఉన్న రైతులం ఇలాంటివి ఇంట్లో చెప్పుకోం. కనీసం అక్కడైనా చెప్పండి. డాక్టరు మందులు రాస్తే టాపింగ్ పేరు చెప్పి వాటిని మానెయ్యకండి.

మీ ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉంటే, వీడియోల్లో చూపించే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాయింటు గట్టిగా నొక్కొద్దని చెప్పండి. ఆక్యుప్రెషర్ చేసేవాళ్ళే గర్భిణులకి అది వద్దంటారు.

ఆ వీడియో చివర వేల రూపాయల కోర్సు ఉందని రాశారు. కట్టకండి. గ్యారీ క్రెయిగ్ తన మాన్యువల్‌ని అప్పట్లోనే అందరికీ ఉచితంగా పంచారు. ఇంట్లో చేసుకోవడానికి ఎంత కావాలో అంతా పైన రాశాను. ఆ డబ్బు జనరేటర్ డీజిలుకి ఉంచుకోండి.