ఏతం ఎంతవరకు మోస్తుంది

అనంతపురం

నాయనా,

విశ్వం తొలి సాగుడు, న్యూట్రినోల మీద నువ్వు రాసిన వ్యాసం చదివినాను. ముందు ఒక మాట మార్చు. విశ్వం తొలి క్షణంలో ఒక్కసారిగా విపరీతంగా సాగడాన్ని ఇన్‌ఫ్లేషన్ అంటారు, దాన్ని నువ్వు ద్రవ్యోల్బణం అన్నావు. అది ధరల మాట. ఇన్‌ఫ్లేషన్ అనే ఉండనీ.

"బొరుగులు పొంగినట్టు విశ్వం పొంగింది" అన్నావు. ఉగ్గాని తినే ఊళ్లలో ఆ పోలిక నోటికి ఇంపుగానే ఉంటుంది. కానీ బొరుగు పొంగేది బాణలిలో ఉన్న ఖాళీలోకి. విశ్వానికి బాణలి లేదు, సాగింది చోటే. దాని బదులు లెక్క పెట్టు. ఆ సాగుడును కొలిచే మెట్టు పేరు ఈ-ఫోల్డు. ఒక్కో ఈ-ఫోల్డుకు 2.718 రెట్లు, మామూలుగా చెప్పే 60 పూర్తయ్యేసరికి దాదాపు 10²⁶ రెట్లు. మిల్లీమీటరు గసగసాల గింజంత చోటు కోటి కాంతి సంవత్సరాలవుతుంది.

దేన్నీ పెద్దగా తాకకుండా దూసుకుపోయే అతి తేలిక కణాలు న్యూట్రినోలు. వాటి దగ్గర "సీసా" అని, పిల్లలు ఎక్కి ఊగే బల్లకున్న ఇంగ్లీషు పేరు రాసినావు. చదివేవాళ్లకు నూనె సీసా గుర్తొస్తుంది. ఏతం అను. ఒక కొన దిగితే రెండోది లేస్తుంది: ఇంకా ఎవరికీ కనబడని కుడిచేతి వాటపు న్యూట్రినో ఎంత బరువైతే మనకు తెలిసిన న్యూట్రినో అంత తేలిక. ఏతం అంతవరకే మోస్తుంది, ఎంత తేలికో చెప్పదు. అక్కడ పోలికను దించేసి, 100 జీఈవీని వర్గం చేసి, బరువైన న్యూట్రినోది అనుకునే 10¹⁴ జీఈవీతో భాగించి చూపించు. జీఈవీ అంటే కణాల బరువు చెప్పే కొలత, వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. వచ్చేది 0.1 ఎలక్ట్రాన్ వోల్టు. న్యూట్రినోలు రూపం మార్చుకునే తీరును బట్టి, వాటిలో అన్నిటికన్నా బరువైనది కనీసం 0.05 ఉండాలి. గుత్తిలో పదో తరగతి పిల్ల కూడా ఈ లెక్క చేసి చూసుకోగలదు.

ఇక అసలు ముడి. ప్రతి కణానికీ ఒక జత కణం ఉంటుందనే ఊహ సూపర్‌సిమెట్రీ. అందులో ఆ బరువైన న్యూట్రినోకు స్‌న్యూట్రినో అనే జత ఉంటుంది. దాని స్పిన్, అంటే కణానికి పుట్టుకతో ఉండే తిరుగుడు గుణం, సున్నా, కాబట్టి విశ్వాన్ని సాగదీసే పని దానికి అప్పజెప్పవచ్చు. విశ్వం పసితనం నుంచి మిగిలిన ఆకాశపు మైక్రోవేవ్ కాంతిలో కనిపించే లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులు రావాలంటే దాని బరువు సుమారు 10¹³ జీఈవీ కావాలి. ఏతం అడిగే బరువుకు ఎంత దగ్గరో చూడు! భౌతిక శాస్త్రవేత్తలు మురయామా, యనగిదా తదితరులు 1993లో పట్టుకున్నది ఇదే.

నువ్వు అక్కడితో ఆపేసినావు, అది తప్పు. ఆ సాదా నమూనాలో గురుత్వ తరంగాల నిష్పత్తి, అంటే పదార్థపు హెచ్చుతగ్గులతో పోలిస్తే ఆ తొలి సాగుడులో పుట్టిన గురుత్వ తరంగాల బలం, 8ని ఈ-ఫోల్డుల సంఖ్య 60తో భాగిస్తే వచ్చే 0.13. దక్షిణ ధ్రువంలోని బైసెప్-కెక్ టెలిస్కోపులు 2021లో పెట్టిన పై హద్దు 0.036. సాదా నమూనా ఓడిపోయింది. పొటెన్షియల్ (సాగదీసే శక్తి ఎక్కుదిగుల వాలు) పైభాగాన్ని చదును చేసిన నమూనాలు మాత్రం నిలిచినాయి. సూపర్‌సిమెట్రీ జతలు జెనీవా దగ్గరి కణ పరిశోధనశాల సెర్న్‌లో ఇంతవరకు ఒక్కటీ దొరకలేదని కూడా రాయి. ఇవి దాస్తే చదివేవాళ్లను మోసం చేసినట్టే.

నీ వ్యాసం మొదటి పేరా జపాన్‌తో మొదలుపెట్టడం ఎందుకు? మన పక్కనే కోలారు బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ 1965లోనే దొరికింది. అక్కడి నుంచి ఎత్తుకొని, తిరగరాసి పంపు.