నూటికి మూడున్నర రూపాయల వడ్డీ

నాయనా చిన్నా,

మొన్న పండక్కి వచ్చినప్పుడు వంటింటి గడప దగ్గర నిలబడి, "పెద్దమ్మా, ఒక పదిహేను వేలు సర్దుతావా? రెండు రూపాయల వడ్డీ ఇస్తాను" అన్నావు. అమ్మ తోడబుట్టినదానికి వడ్డీ ఇస్తానన్నావంటే ఎంత టెన్షన్‌లో ఉన్నావో అప్పుడే అర్థమైంది. అందుకే ఫోన్లో ఆ క్రెడిట్ కార్డు బిల్లు చూపించమన్నాను. ఎదురుగా కూర్చుని చెబితే మధ్యలో నాకు ఏడుపొస్తుంది, అందుకని రాస్తున్నాను.

బిల్లు 40 వేలు. కనీసం కట్టాల్సింది 2 వేలని కింద వేశారు. నువ్వు ఆ 2 వేలు కట్టేసి ఈ నెల గండం గడిచిందనుకున్నావు. మిగిలిన 38 వేలకు నెలకు నూటికి మూడున్నర చొప్పున వడ్డీ 1,330 రూపాయలు. ఆ వడ్డీ మీద జీఎస్టీ 18 శాతం, ఇంకో 240. వచ్చే నెల మళ్లీ 2 వేలు కడితే అందులో 1,570 వడ్డీకీ పన్నుకీ పోతుంది. అసలులో తీరేది 430 రూపాయలే. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా గీకినదానికి గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. మన ఊళ్లో చేబదులు దొరకనివాళ్లు రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటారు, మరీ అవసరమైతే మూడు. మూడున్నర అడిగితే దండం పెట్టి లేచి వచ్చేస్తాం. శాతాల్లో రాసి ఉంది కాబట్టి నీకు తగల్లేదు. ఇకనుంచి ఏ అప్పునైనా నూటికి నెలకు ఎన్ని రూపాయలో లెక్క వేసుకో, తగులుతుంది.

నేనూ ఇలాంటి పని చేశాను. పెళ్లయిన కొత్తలో సైకిల్ మీద చీరల మూట కట్టుకుని ఒకతను వీధిలోకి వచ్చేవాడు. కంతుల మీద ఇచ్చేవాడు. వారానికి 15 రూపాయలంటే ఎంతలే అనుకుని నెమలికంఠం రంగు చీర తీసుకున్నాను. 30 వారాలు కట్టాను. తర్వాత కావలి వెళ్తే అదే చీర అంగట్లో 300 ఉంది. నేను కట్టింది 450. నన్ను పడగొట్టింది ఆ 15 రూపాయల మాట. చీర ధర ఎంతని నేను ఒక్కసారీ అడగలేదు. నీ ఫోనుకు వడ్డీ లేని ఈఎంఐ అన్నారే, అదీ ఇంతే. రొక్కానికి కొంటే వచ్చే తగ్గింపు అందులో రాదు, ప్రాసెసింగ్ ఫీజు వేరే వేస్తారు. నెలకెంత అని చెప్పేవాడిని మొత్తం ఎంత అని అడుగు.

1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని విన్నావు కదా. రోశమ్మ పేరు ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ మంట నెల్లూరు జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిందే పొదుపు లక్ష్మి, ఆడవాళ్లు సంఘాలుగా కూడి దాచుకునే పథకం. రోజుకు రూపాయి, నెలకు 30. మా సంఘం లెక్కల పుస్తకం పదకొండేళ్లు నేనే రాశాను. ఎర్ర అట్ట, లోపల నాలుగు గీతలు: పేరు, కట్టింది, తీసుకుంది, బాకీ. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేసేవాళ్లు. ఎవరైనా 30 తేలేక 20 తెస్తే, అందరి ముందూ ఆ గడిలో 20 అని రాయాల్సిందే. ఒకావిడ ఆ 20 చూసి, మిగిలిన పది ఎటు పోయిందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది: కిళ్లీలు, పిల్లాడి ఐసు, బస్సులో కొన్న మల్లెపూలు. మరుసటి నెల నుంచి ఆమె ఎప్పుడూ 30కి తగ్గలేదు. మేమెవరం ఆమెకు ఒక్క మాట చెప్పలేదు.

నీకు అదే లేదు నాయనా. జీతం ఫోన్లో పడుతుంది, ఫోన్లోనే పోతుంది. చేతిలో నోటు తగ్గడం కంటికి కనపడదు. మొన్న ట్రంకు రోడ్డులో టీ తాగి 20 రూపాయలు స్కాన్ చేశావు, ఆ పక్కనే ఇంకో 180కి ఏదో కొన్నావు. సాయంత్రం అడిగితే రెండోది ఏంటో నీకే గుర్తు లేదు. ఖర్చు పెట్టినందుకు నేను బాధపడలేదు, గుర్తులేనందుకు బాధపడ్డాను.

అందుకని రెండు పనులు చెయ్యి. జీతం పడే ఖాతాను ఫోన్ పే నుంచి తీసెయ్. ఇంకో బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి, దాన్నే ఫోనుకు తగిలించు. ప్రతి ఆదివారం అందులోకి 2 వేలు వేసుకో, ఆ వారానికి అంతే. గురువారానికి అయిపోతే శుక్ర శనివారాలు ఇంట్లో వండుకో. రెండోది, రోజూ పడుకునేముందు నోట్‌బుక్కులో ఆ రోజు ఖర్చు చేత్తో రాయి. ఫోన్లో యాప్ ఉందంటావు. వద్దు, చేత్తో రాయి. రాసేటప్పుడు చెయ్యి ఆగే చోటు నీకే తెలుస్తుంది.

జీతం పడ్డ రోజే ఇంటి అద్దె, మీ అమ్మకు పంపేది, పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కట్టే పొదుపు), ఈ మూడూ తీసెయ్. ఆర్‌డీ నెలకు 100 నుంచి కట్టుకోవచ్చు, ముందు 500తో మొదలుపెట్టు. నోరు కట్టుకోమని మాత్రం నేను చెప్పను. ఆదివారం చేపల పులుసు తిను, స్నేహితుడి పెళ్లికి చదివింపు రాయించు. అప్పు యాప్‌ల జోలికి మాత్రం చచ్చినా వెళ్లొద్దు. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ లాక్కుని, కట్టడం ఆలస్యమైతే బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తారు. మన వీధిలోనే ఒక పిల్లాడికి ఆ గతి పట్టింది, ఆ ఇంట్లో పది రోజులు పొయ్యి వెలగలేదు.

నువ్వడిగిన 15 వేలు ఇవ్వను. ఇస్తే కార్డులో ఇంకా 23 వేలు మిగిలి, ఆ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. నేను దాచుకున్నదాంట్లోంచి 38 వేలు పంపుతున్నాను, రేపు నీ ఖాతాలో పడుతుంది. బ్యాంకుకు ఫోన్ చేసి, ఇవాళ్టి వరకు వడ్డీతో కలిపి మొత్తం ఎంతో కనుక్కుని, ఒక్కసారే కట్టెయ్. పైన పడేది నీ జీతంలోంచి వేసుకో. ఆ కార్డు తెచ్చి నా బీరువాలో పెట్టు. ఫోన్లో దాని నంబరు దాచుకున్న చోటల్లా తీసెయ్.

నాకు వడ్డీ వద్దు. నెలకు 3,800 చొప్పున పది నెలలు, ఐదో తారీఖుకల్లా కట్టు. ఒక నెల కుదరకపోతే ముందురోజే ఫోన్ చేసి చెప్పు, దాక్కోవద్దు. నా ఎర్ర అట్ట పుస్తకంలో వెనక ఖాళీ కాగితాలున్నాయి, నీ పేరు మీద పది గడులు గీసి పెట్టాను.

మీ అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. పదో గడి నిండాక నువ్వే చెప్పు.

మీ పెద్దమ్మ