పసుపు లైటు ఎన్ని సెకన్లు?

ప్రశ్న: కూడళ్లలో రెడ్‌లైట్ కెమెరాలు పెట్టేది ప్రమాదాలు తగ్గించడానికి కాదు, మున్సిపాలిటీ ఖజానా నింపడానికే అంటున్నారు. ఇది మామూలు మనిషి తేల్చుకోగలిగేదేనా?

జవాబు: తేల్చుకోవచ్చు. ముందు పసుపు లైటు ఎంతసేపు వెలుగుతోందో చూడండి, గుట్టంతా అక్కడే ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 16.7 మీటర్లు. లైటు మారడం చూసి బ్రేకు తొక్కేసరికి ఒక సెకను పోతుంది. అక్కణ్నుంచి మామూలు బ్రేకుతో బండి ఆగడానికి మరో 46 మీటర్లు. మొత్తం 62 మీటర్లు కావాలి. పసుపు 3 సెకన్లే ఉంటే ఆలోపు బండి వెళ్లేది 50 మీటర్లే. స్టాప్ లైనుకు 55 మీటర్ల దూరంలో ఉన్నవాడు ఆగనూ లేడు, దాటనూ లేడు. ఆ చిక్కు తప్పాలంటే చదును రోడ్డు మీద 3.7 సెకన్లయినా ఉండాలి. రోడ్డు పల్లానికి దిగుతుంటే ఇంకా ఎక్కువ.

కొలవడం తేలికే. ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్‌లో సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీసి, పసుపు కనిపించిన ఫ్రేములు లెక్కపెట్టండి. 3.7 సెకన్లకు 222 రావాలి. పదిసార్లు తీయండి. రాత్రి మాత్రం వద్దు, వెలుతురు చాలకపోతే చాలా ఫోన్లు ఫ్రేములు తగ్గించేస్తాయి.

ఎర్రలైటు పడ్డ ఎంతసేపటికి దాటారో సాధారణంగా చలానా ఫొటో మీదే ఉంటుంది. ఎక్కువ చలానాలు అర సెకను లోపువైతే పసుపునే అనుమానించాలి. రెండు మూడు సెకన్ల తర్వాత దూసుకెళ్లినవాడిది మాత్రం ముమ్మాటికీ తప్పే.

షికాగోలో 2014లో నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ (పోలీసు కాదు, నగరపాలనలో లోపాలు తనిఖీ చేసే అధికారి) తేల్చింది ఇదే: పసుపు 3 సెకన్లకు వెంట్రుకవాసి తగ్గినా వేసిన చలానాలు సుమారు 77,000, వాటి విలువ 77 లక్షల డాలర్లు. అదే ఫిలడెల్ఫియాలో పసుపును ఒక సెకను పెంచితే చాలు, ఉల్లంఘనలు 36 శాతం తగ్గాయి. ఆ తర్వాత కెమెరా పెడితే మిగిలినవాటిలో 96 శాతం పోయాయి. కెమెరా పనికొస్తుంది, కాదనను. పసుపు సరిచేయకుండా కెమెరా బిగించడమే అన్యాయం.

ప్రశ్న: కెమెరా భయంతో సడన్ బ్రేకులు వేసి వెనక బళ్లు గుద్దుకోవా?

జవాబు: గుద్దుకుంటాయి. అమెరికా ఫెడరల్ హైవే శాఖ 2005 అధ్యయనంలో పక్క నుంచి ఢీకొట్టడాలు 25 శాతం తగ్గితే, వెనక నుంచి గుద్దడాలు 15 శాతం పెరిగాయి. పక్క దెబ్బే ప్రాణాంతకం కాబట్టి మొత్తమ్మీద మేలే. అందుకే చలానాల సంఖ్య కాదు, ఏ రకం ప్రమాదాలు ఎన్ని జరిగాయో కెమెరాకు ముందూ తర్వాతా విడివిడిగా అడగండి. కెమెరాలు నడిపే కంపెనీతో చేసుకున్న కాంట్రాక్టు నకలు కూడా తీసుకోండి. కంపెనీకి నెలవారీ అద్దె ఇస్తే ఫరవాలేదు. చలానాకింత అని రాసుకుంటే జనం తప్పు చేయడంలోనే దానికి లాభం.