పిల్లలు కలగకపోవడానికి నా బరువు కారణమా, పురుగుమందులా?

ప్రశ్న: మాది పల్నాడులో మిరప పండించే కుటుంబం. నాకు 27 ఏళ్లు, మావారికి 33. పెళ్లయి ఐదేళ్లు కావస్తోంది, ఇంతవరకు కడుపు పండలేదు. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, బరువు 78 కిలోలు. నెలసరి ఒక్కోసారి రెండు నెలలకు గాని రాదు. స్కానింగ్ చేసి అండాశయాల్లో నీటిబుడగలున్నాయని, అది పీసీఓడీ అని అన్నారు, బరువు తగ్గమన్నారు. అప్పటి నుంచి రాత్రి అన్నం మానేశాను, కొన్ని రోజులు ఒక్కపూటే తింటున్నాను, అయినా తగ్గలేదు. మావారు ఏటా చేలో తానే మందు కొడతారు. డబ్బాలు మా మంచం కిందే ఉంటాయి. రాత్రంతా దోమల కాయిల్ వెలుగుతుంది, బొద్దింకలకు స్ప్రే వాడతాం. ఈ మందుల వల్లే పిల్లలు పుట్టడం లేదని ఫోన్‌లో ఒక వీడియో చూశాను. అత్తగారు మాత్రం నా ఒళ్లే కారణమంటూ, కొడుక్కి మళ్లీ పెళ్లి చేస్తానని బంధువుల ముందే అంటున్నారు. మావారిని పరీక్ష చేయించుకోమంటే ‘నాకేం తక్కువ’ అంటారు. ఒక్కోసారి బతకాలని అనిపించడం లేదు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరగా రాసిన మాటకే ముందుగా జవాబు చెప్పాలి. బతకాలని అనిపించని మనిషి పడుకునే మంచం కింద పురుగుమందు డబ్బాలు ఉండకూడదు. ఈ రోజే వాటిని ఇంట్లోంచి తీయించి, పొలం దగ్గరి షెడ్డులోనో పశువుల కొట్టం పక్కనో తాళం ఉన్న పెట్టెలో పెట్టించండి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోకండి. ఆ ఆలోచన మళ్లీ వచ్చిన క్షణంలో 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ, ఖర్చు ఉండదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. మీ అమ్మగారికో, మీరు నమ్మే మరొకరికో మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

ఇక మీరు అడిగినదానికి వస్తాను. కుటుంబ నియంత్రణ పాటించకుండా ఏడాదిపాటు కాపురం చేసినా గర్భం రాకపోతే కారణం వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం చెబుతుంది. అదే సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదుర్కొంటున్నారు, కాబట్టి ఇది మీ ఒక్కరి నుదుటి రాత కాదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో, పూర్తిగానో కొంతవరకో, లోపం భర్త వైపు కూడా ఉంటుంది. మీ ఇంట్లో ఈ ఐదేళ్లుగా జరిగినదేమిటంటే, ఇద్దరికి సంబంధించిన విషయంలో ఒక్కరినే పరీక్షించి, ఆ ఒక్కరి మీదే తీర్పు చెప్పేశారు. బరువా, మందులా అన్న మీ ప్రశ్నకు నిజాయితీ గల జవాబు మీవారి వీర్య పరీక్ష జరిగేవరకు ఏ డాక్టరూ ఇవ్వలేరు.

అయితే మందుల గురించి మీకు కలిగిన అనుమానం గాలికి పుట్టింది కాదు. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాత్రాప్ అనే ఊరి కర్మాగారంలో పనిచేసే మగవాళ్లు తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని మాటల్లో గమనించి పరీక్షలు చేయించుకున్నారు. అక్కడ తయారయ్యేది నేలలోని నులిపురుగులను చంపే డీబీసీపీ అనే మందు. పలువురిలో వీర్యకణాలు బాగా తగ్గిపోయాయని, కొందరిలో అసలే లేవని తేలింది, రెండేళ్లకు అమెరికా ప్రభుత్వం ఆ మందు వాడకాన్ని దాదాపు పూర్తిగా ఆపేసింది. మన పక్కనే కేరళలోని కాసరగోడ్‌లో జీడిమామిడి తోటల మీద ఏళ్ల తరబడి ఎండోసల్ఫాన్ చల్లిన ప్రాంతపు మగపిల్లల్లో యవ్వన లక్షణాలు ఆలస్యంగా వస్తున్నాయని 2003లో ప్రచురించిన పరిశీలన చెప్పింది, 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిలిపివేసింది. మీవారు వాడేవి ఇవి కావు. కానీ ఒంట్లోకి ఎక్కువగా చేరితే సంతాన శక్తిని దెబ్బతీసే మందులు ఉన్నాయన్నది మాత్రం నిర్ధారణ అయిన విషయం.

ఎక్కువగా చేరడమంటే ఏమిటో మీ చేలోనే చూడవచ్చు. 2021లో నల్ల తామర పురుగు మిరపను తుడిచిపెట్టినప్పటి నుంచి రైతులు ఎన్నెన్ని మందులు మార్చి మార్చి కొడుతున్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. బకెట్లో మందు పోసి చేత్తో కలియబెట్టడం, నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం, వీపున ఉన్న ట్యాంకు కారి చొక్కా, లుంగీ తడిసినా సాయంత్రం దాకా అవే బట్టలతో తిరగడం మన దగ్గర మామూలు. మందు ముక్కు ద్వారా కంటే చర్మం ద్వారానే ఎక్కువగా లోపలికి వెళుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. పారాథియాన్ అనే మందు మీద 1971లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ముంజేతి చర్మంతో పోలిస్తే వృషణాల సంచి చర్మం నుంచి అది పది రెట్లకు పైగా లోపలికి ఇంకింది. తడిసిన లుంగీ ఆనుకుని ఉండేది సరిగ్గా అక్కడే. కాబట్టి మీవారు మందు కొట్టే రోజున చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోవాలి, ఒలికితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి, గాలికి ఎదురుగా కొట్టకూడదు, ఇంటికి రాగానే ఎవరినీ తాకకముందే స్నానం చేయాలి. ఆ బట్టలు ఉతికేది మీరే అయివుంటారు. వాటిని మిగతా బట్టలతో కలపకుండా, చేతికి తొడుగు వేసుకుని, విడిగా ఉతకండి. డబ్బా మీద ఎర్రటి త్రికోణం ఉంటే అది అత్యంత విషపూరితమని అర్థం. అలాంటి మందుకు బదులు పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులున్నవి దొరుకుతాయేమో రైతు సేవా కేంద్రంలోనో వ్యవసాయాధికారినో అడిగి తీసుకోమనండి.

ఇంట్లో వాడే కాయిళ్లు, స్ప్రేల సంగతి ఇంత ఖరారుగా చెప్పలేం. వాటిలో ఉండేవి పైరెత్రాయిడ్ జాతి మందులు, ఇవి ఒంట్లో ఎక్కువగా కనిపించిన మగవారిలో వీర్యం నాణ్యత తగ్గినట్టు కొన్ని పరిశీలనలు చెప్పాయి గాని, కాయిల్ వల్లే గర్భం రాలేదని ఎవరి విషయంలోనూ తేల్చి చెప్పగల ఆధారం లేదు. మీరు చూసిన వీడియో ఆ తేడా చెప్పలేదు. అయినా తలుపులు మూసిన గదిలో రాత్రంతా కాయిల్ కాల్చడం ఊపిరితిత్తులకే మంచిది కాదు. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేంత ఉంటుందని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. దోమతెర కట్టుకోండి, కిటికీలకు జాలీ కొట్టించండి. బొద్దింకలకు గదంతా స్ప్రే చేసే బదులు మూలల్లో చుక్కలుగా పెట్టే జెల్ వాడండి. పొలానికి తెచ్చిన మందును నీళ్లలో కలిపి చీమలకో నల్లులకో ఇంట్లో చల్లే అలవాటు ఉంటే మాత్రం అది ఈ రోజుతో ఆగాలి.

తిండిలోని మందుల గురించి కూడా ఒక మాట. బోస్టన్‌లో సంతాన చికిత్సకు వచ్చిన జంటలను హార్వర్డ్ పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. మందుల అవశేషాలు ఎక్కువగా ఉండే పండ్లు, కూరగాయలు ఎక్కువగా తిన్న మగవారిలో వీర్యకణాల సంఖ్య తక్కువగా ఉందని 2015లో, అలాంటివే ఎక్కువగా తిన్న స్త్రీలలో ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని ల్యాబ్‌లో కలిపి గర్భంలో పెట్టే చికిత్స) తర్వాత బిడ్డ పుట్టే అవకాశం తక్కువగా ఉందని ఆ తర్వాత ప్రకటించారు. అవశేషాలు తక్కువగా ఉండే కూరగాయలు ఎంత తిన్నా ఆ నష్టం కనిపించలేదు. దీన్ని చదివి కూరగాయలు మానేసేవారున్నారు, అది తప్పు. ధారగా పారే నీళ్లలో రుద్ది కడగండి, తొక్క తీయదగినవి తొక్క తీయండి, పచ్చిగా తినే కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిర్చి వంటివి పెరట్లోనే పెంచుకోండి. మందు కొట్టిన చేలోంచి, కోతకు ముందు ఇన్ని రోజులు ఆగాలని లేబుల్ మీద రాసిన గడువు తీరకుండా కూరకని కాయలు కోసుకురాకండి. కడిగితే పోయేది పైపై మందు మాత్రమే, మొక్క లోపలికి ఇంకినది పోదు.

ఇప్పుడు మీ బరువు. మీ ఎత్తుకు 78 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క, 32 దాటుతుంది, మన దేశపు లెక్కల్లో 25 దాటితేనే ఊబకాయం కింద చూస్తారు. కాబట్టి డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. పొట్ట దగ్గర కొవ్వు పెరిగితే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. రక్తంలో అది ఎక్కువైన కొద్దీ అండాశయాలు మగ హార్మోన్లను ఎక్కువగా తయారుచేస్తాయి, దాంతో అండం నెలనెలా విడుదల కావడం ఆగిపోతుంది. మీ నెలసరి తప్పడానికి కారణం ఎక్కువగా ఇదే అయివుండాలి. అయితే ఇందులో మీ అత్తగారికి తెలియని సంగతి ఒకటుంది. 78 నుంచి 55కు దిగితే గాని గర్భం రాదన్నది నిజం కాదు. ఉన్న బరువులో నూటికి ఐదు నుంచి పది వంతులు, అంటే మీకు నాలుగు నుంచి ఎనిమిది కిలోలు తగ్గితేనే చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. మరీ సన్నబడినా అండం ఆగిపోతుంది కనుక పస్తులుండటం దారి కాదు.

రాత్రి అన్నం మానేసి మరునాడు మధ్యాహ్నం ఆకలికి రెండింతలు తినడం వల్ల బరువు తగ్గదు, నీరసం మిగులుతుంది. మన భోజనంలో చిక్కు ఎక్కడుందంటే, కంచం నిండా అన్నం, దాని పక్కన వేలెడంత కూర, చివర పచ్చడి, మజ్జిగ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, తృణధాన్యాలు 250 గ్రాములు అని చెప్పారు. అంటే అన్నాన్ని సగానికి తగ్గించి, ఆ చోటులో పప్పు, కూర పెంచితే చాలు, ఏ పూటా మానక్కరలేదు. ఉదయం ఇడ్లీకి బదులు పెసరట్టు, సాయంత్రం బజ్జీలకు బదులు ఉడికించిన శనగలు, వారంలో కొన్ని పూటలు జొన్నరొట్టె మీ ఊళ్లో దొరకనివి కావు. వనస్పతితో చేసిన బేకరీ తిళ్లు, మళ్లీ మళ్లీ కాగిన నూనెలో వేయించినవి తగ్గించండి. అమెరికాలో నర్సుల మీద చేసిన పెద్ద పరిశీలనలో, ఇలాంటి తిళ్లలో ఉండే ట్రాన్స్ కొవ్వులు ఎక్కువగా తిన్నవారికి అండం విడుదల లోపం వల్ల గర్భం ఆలస్యమయ్యే ముప్పు పెరిగింది. రోజుకు అరగంట చురుగ్గా నడవండి, పొలం పని ఉన్న రోజున అదే చాలు. డాక్టరును అడిగి ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇప్పటి నుంచే మొదలుపెట్టండి.

బరువు తగ్గేవరకు చికిత్స లేదని ఎవరైనా అంటే మాత్రం తొందరపడి ఒప్పుకోకండి. నెదర్లాండ్స్‌లో అధిక బరువున్న స్త్రీలకు ముందుగా ఆరు నెలలు బరువు తగ్గించే కార్యక్రమం నడిపి, ఆపైన చికిత్స చేసి చూశారు. వెంటనే చికిత్స మొదలుపెట్టినవారి కంటే వీరికి ఆరోగ్యవంతమైన కాన్పులేమీ పెరగలేదని 2016లో తేలింది, అయితే చికిత్స అవసరం లేకుండానే గర్భం దాల్చినవారు వీరిలో ఎక్కువ. అందుకే రెండూ పక్కపక్కనే సాగాలని నేనంటాను. మీకు 27 ఏళ్లే కాబట్టి మూడు నాలుగు నెలలు ఆహారం మీద శ్రద్ధ పెట్టే వ్యవధి ఉంది, ఆ వ్యవధిలోనే పరీక్షలన్నీ పూర్తిచేసుకోవచ్చు. పొట్ట పెరగడం, పొగ, గుట్కా, మద్యం మగవారి వీర్యాన్ని కూడా తగ్గిస్తాయి గనుక ఇంట్లో వంట మారితే అది ఇద్దరికీ మారాలి, మీకొక్కరికే వేరు కంచం వద్దు.

‘నాకేం తక్కువ’ అనే భర్తను పరీక్షకు ఎలా ఒప్పించాలన్నది మీ అసలు కష్టం. ఆయన మాట వెనుక ఉన్నది పొగరు కంటే భయమే ఎక్కువని నా అనుభవం. వీర్యకణాలు తక్కువని తేలితే మగతనం పోయినట్టు ఊరంతా అనుకుంటుందని చాలామంది మగవాళ్లు వణుకుతారు, ఆ రెండింటికీ సంబంధం లేదని వారికి ఎవరూ చెప్పి ఉండరు. ఇక్కడ మందుల మీద మీకున్న అనుమానమే మీకు దారి చూపుతుంది. ‘నీలో లోపముందేమో చూపించుకో’ అనే మాట ఆయన వినలేరు. ‘ఏటా మన అందరి కోసం మీరు ఆ మందుల్లో తడుస్తున్నారు, అవి మీ ఒంటికి ఏమైనా చేశాయేమో చూపించుకుందాం, నాకు దిగులుగా ఉంది’ అనే మాట వినగలరు. అది నటన కాదు, మీ ఉత్తరంలో ఉన్న నిజమే. అత్తగారు దగ్గర లేనప్పుడు, కోతలూ అమ్మకాలూ ముగిసి ఆయన కాస్త తీరికగా ఉన్నప్పుడు చెప్పండి.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి, ల్యాబ్‌లో వీర్యం నమూనా ఇస్తే చాలు, మీకు చేసే పరీక్షలన్నిటి కంటే ఇదే సులువు, చవక. మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు, నూటికి 42 కదిలేవి ఉంటే మామూలు హద్దులోనే ఉన్నట్టు. తక్కువ వచ్చినా ఒక్క రిపోర్టు చూసి కుంగిపోవద్దు, జ్వరం వచ్చి తగ్గినా లెక్క పడిపోతుంది. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, మందు తడి తగలకుండా జాగ్రత్తపడి మూడు నెలలకు మళ్లీ చేయిస్తే మార్పు తెలుస్తుంది.

మళ్లీ పెళ్లి మాటకు మీరు భయపడనక్కరలేదు. పిల్లలు పుట్టకపోవడం హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణం కాదు. భార్య ఉండగా రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు సరికదా, ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం. ఈ మాట అత్తగారితో మీరు వాదించి చెప్పకండి, మీవారి చేత చెప్పించండి. తల్లి నోరు కట్టడి చేయవలసింది కొడుకే.

మీ వైపు నుంచి థైరాయిడ్, షుగర్ పరీక్షలు, అవసరమైతే గర్భనాళాలు తెరిచి ఉన్నాయో లేదో చూసే పరీక్ష చేయించండి. పీసీఓడీ ఉన్నవారికి అండం విడుదలయ్యేలా చేసే మాత్రలతోనే చాలామందికి గర్భం వస్తుంది. ఇద్దరి రిపోర్టులు లేకుండా, వెళ్లిన మొదటి రోజే ఐవీఎఫ్‌కు లక్షలు కట్టమనే చోట ఆగకండి. ఐవీఎఫ్ చేసే ఆసుపత్రులకు 2021 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగి చూపించమనండి. ముందుగా గుంటూరులోని ప్రభుత్వ ఆసుపత్రి స్త్రీల విభాగానికి, ఇద్దరి కాగితాలూ పట్టుకుని, ఇద్దరూ కలిసే వెళ్లండి.